ససేమిరా సారుకి ఒంట్లో బాగోలేని రోజు

ససేమిరా సారు పేరెత్తితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. నాకు విమానం నడపడం నేర్పిన మనిషి ఆయన. కృతజ్ఞత ఉండాలంటారు కదా, ఉంది, లేదనడం లేదు. కానీ కృతజ్ఞత వేరు, ఇష్టం వేరు. నాలుగడుగుల వెడల్పు కూడా లేని డబ్బాలో, భుజానికి భుజం తగులుతుంటే, అరవై రోజులు ఆయన పక్కన కూర్చున్న దాన్ని నేను. నా కోపం నాకుండనివ్వండి.

ఆ పేరు మేం పెట్టిందే. మా విమానాల బడిలో నలుగురు బోధకులుండేవాళ్ళు. మిగతా ముగ్గురూ మర్యాదస్థులు. ఇరవై ఇరవై అయిదు రోజులు నేర్పి, మా శిక్షణ పుస్తకంలో సంతకం పెట్టి, విమానంలోంచి దిగిపోయి, "వెళ్ళిరా, ఒక చుట్టు తిరిగొచ్చి దిగు" అనేవాళ్ళు. దాన్నే సోలో అంటారు. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని ఒంటరిగా ఎగిరి, ఒంటరిగా దిగడం. ఈయన మాత్రం ఎవరు ఎన్నిసార్లు అడిగినా ససేమిరా అనేవాడు. కారణం చెప్పడు. అడిగితే "ఇవాళ్టికి లేదు" అని కోటు దులుపుకుని వెళ్ళిపోతాడు.

ఆ కోటు గురించి కూడా చెప్పాలి. ఎండైనా వానైనా అదే గోధుమరంగు కోటు. మోచేతుల దగ్గర వాళ్ళావిడ వేసిన అతుకులు, ఆ అతుకుల మీద మళ్ళీ అతుకులు. మనిషి పొట్టి. కింది దవడ ఎడమ పక్కకి ఒరిగి ఉండేది. మాట నోటి మూల నుంచి నలిగి వచ్చేది. మధ్యాహ్నం తెచ్చుకున్న రొట్టె ముక్కని ఒక పక్కనే పెట్టుకుని అరగంట నమిలేవాడు. ఆ చప్పుడు వింటుంటే నాకు ఆకలి చచ్చిపోయేది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు మూడొందల మందిని ఎక్కించుకుని సముద్రాలు దాటుతున్నారు. ఈయన మాత్రం ఇరవై ఆరేళ్ళుగా అదే రెండు సీట్ల విమానంలో అదే రన్‌వే చుట్టూ గానుగెద్దులా తిరుగుతున్నాడు. శిష్యులు ప్రేమగా పంపిన పోస్టు కార్డులు మడిచి, ఊగే బల్ల కాలి కింద పెట్టుకున్నాడు.

ఇంతటి మహానుభావుడికి గొప్ప చెప్పుకోవడానికి ఒక్కటే ఉంది. ఇరవై ఆరేళ్ళలో ఒక్క రోజు కూడా ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టలేదట. ఆఫీసులో అనారోగ్యాల రిజిస్టరు ఒకటుండేది. అందులో బోధకులకి తలా ఒక పేజీ. కొత్తగా చేరిన వాళ్ళని ఆ బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, తన పేజీ తెరిచి చూపించేవాడు. పేరు తప్ప ఏమీ లేని తెల్ల కాగితం. అది చూపించేటప్పుడు మాత్రం ఆ వంకర మొహంలో కాస్త వెలుగొచ్చేది. ఖాళీ కాగితం చూసుకుని మురిసిపోయే మనిషిని నేను మొదటిసారి చూడడం అదే.

నా గొప్పలు నాకూ ఉన్నాయి. సోలోకి ముందు రాతపరీక్ష పెడతారు. యాభై ప్రశ్నలు. రేడియో మూగబోతే కంట్రోల్ టవర్ వాళ్ళు చూపించే పచ్చ దీపానికి అర్థమేమిటి, ఎర్ర దీపానికి అర్థమేమిటి, ఎంత వేగానికి తగ్గితే రెక్కలు మోయడం మానేస్తాయి, అప్పుడు ఏం చెయ్యాలి, దిగేటప్పుడు రన్‌వే మీద ఏదైనా అడ్డొస్తే మళ్ళీ ఎలా లేవాలి, ఇలాంటివి. నాకు యాభైకి యాభై వచ్చాయి. బడి పెట్టిన దగ్గర్నుంచి ఎవరికీ రాలేదు. నాతో చేరిన వాళ్ళలో ఒకడుండేవాడు, నిద్రమొహం అనేవాళ్ళం. వాడికి ముప్ఫై ఎనిమిది వచ్చాయి. వేరే బోధకుడి దగ్గర ఇరవై రెండో రోజునే సోలో చేసేశాడు. యాభై తెచ్చుకున్న నేను నలభయ్యో రోజున కూడా ససేమిరా సారు పక్కన కూర్చుని ఆయన నమిలే చప్పుడు వింటున్నాను. పైగా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. "ఏమ్మా, నూటికి నూరూ" అనేవాడు. మెచ్చుకోలు కాదని చెప్పక్కర్లేదు.

నాకు తొందర ఊరికే కాదు. బడికి ఒక నియమం ఉంది. అరవై రోజుల్లో సోలో చెయ్యకపోతే సీటు పోతుంది. బయట వరసలో నిలబడ్డ వాళ్ళకి ఇచ్చేస్తారు. వాన పడ్డ రోజులు, విమానం చెడిపోయిన రోజులు, బోధకుడికి ఒంట్లో బాగోలేని రోజులు లెక్కలోకి రావు. మిగతావన్నీ వస్తాయి. మా అమ్మ బస్సు డిపోలో, పోయిన సామాన్ల కౌంటరు దగ్గర పనిచేసేది. గొడుగు పోగొట్టుకున్న వాడికి గొడుగిస్తూ "మా అమ్మాయి విమానం నడుపుతుందండీ" అని చెప్పేది. ప్రతి ఆదివారం ఫోన్ చేసి "ఎప్పుడే? డ్రైవర్లందరూ అడుగుతున్నారు, నా పరువు తియ్యకు" అనేది. ఈ సీటు పోతే నేను ఆ డిపోకే వెళ్ళి, ఆ డ్రైవర్ల మధ్యలోంచి నడిచి, పోయిన గొడుగుల పక్కన కూర్చోవాలి.

నలభై ఒకటో రోజున, ఎగరబోయే ముందు, రన్‌వే మొదట్లో విమానం ఆపించి సారు అడిగాడు.

"రన్‌వే అయిపోయాక ఏముంది?"

"కంచె, సార్."

"కంచె తర్వాత?"

"పొలం."

"ఇవాళ పొలంలో ఏముంది?"

"నాకేం తెలుసు సార్, నేనేమన్నా రైతునా?"

ఆయన నవ్వలేదు. ఆయనకి నవ్వు రాదు. "లేచిన నిమిషంలోనే ఇంజను ఆగిపోతే ఏం చేస్తావు?"

"వెనక్కి తిరగను. ముక్కు కిందికి దించి, వేగం పడిపోకుండా చూసుకుని, ఎదురుగా ఉన్న చోట దించుతాను. ఇరవై రెండో ప్రశ్న సార్." గడగడా అప్పజెప్పాను.

"ఎదురుగా ఉన్న చోటంటే?"

"పొలం."

"పొలంలో ఏముంది?"

మళ్ళీ మొదటికొచ్చాడు. కంచె దాకా నడిచెళ్ళి చూసి రమ్మన్నాడు. నేను సగం దూరం వెళ్ళి, ఫోన్ చూసుకుని, వెనక్కి వచ్చి "గడ్డి, సార్" అన్నాను. ఆయన నా బూట్ల వైపు చూశాడు. కంచె దగ్గరంతా బురద. నా బూట్లు తళతళలాడుతున్నాయి. "ఇవాళ్టికి లేదు" అన్నాడు.

ఆ సాయంత్రం క్యాంటీన్‌లో ఆయన్ని అనుకరించి చూపించాను. దవడ పక్కకి తిప్పి, నోటి మూల నుంచి, "పొలంలో... ఏముంది?" అని. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నిద్రమొహం అయితే కింద పడ్డాడు. అప్పట్నుంచి నాకది రోజూ పని అయిపోయింది. బల్లల మీద కొట్టి మరీ అడిగేవాళ్ళు. అరవై రోజుల్లో నేను పూర్తిగా, తప్పు లేకుండా నేర్చుకున్న విద్య అదొక్కటేనని ఇప్పుడనిపిస్తుంది.

అరవయ్యో రోజు వచ్చింది. మబ్బు తునక లేదు, గాలి లేదు. మధ్యాహ్నం సారుతో మూడు చుట్లు తిరిగి మూడుసార్లు దించాను. వంక పెట్టడానికి ఆయనకి ఏమీ దొరకలేదు. ఇంజను ఆపించి, "మొదట్నించి మళ్ళీ తనిఖీ చెయ్యి. అంతా బాగుంటే నేను దిగిపోతా" అన్నాడు. నాకు చెవులు గింగురుమన్నాయి. అమ్మకి ఫోన్‌లో ఏం చెప్పాలో అప్పుడే మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టాను.

తనిఖీలో పెట్రోలు చూడడం ఒకటి. వానకో మంచుకో ట్యాంకులోకి నీళ్ళు చేరతాయి. పెట్రోలు కంటే నీళ్ళు బరువు, అడుక్కి దిగుతాయి. అందుకని రెక్క కింద ఉన్న చిన్న మూతని నొక్కి, గాజులా కనిపించే ప్లాస్టిక్ గ్లాసులోకి కాస్త పెట్రోలు తీసి చూస్తాం. మా పెట్రోలు లేత నీలం రంగులో ఉంటుంది. నీళ్ళుంటే అడుగున వేరే పొరలా, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తాయి. పదిహేడో ప్రశ్న. ఎడమ రెక్కది నేనే తీశాను, చూశాను, బాగుంది. కుడి రెక్క దగ్గరికి వెళ్ళేసరికి సారు అక్కడ నిలబడి ఉన్నాడు.

"ఈ పక్కది తీశాను. చూడు" అని గ్లాసు నా చేతిలో పెట్టాడు.

అందరూ ఎలా చూస్తారో అలాగే ఎత్తి ఆకాశం వైపు పట్టుకుని చూశాను. అడుగున గీత లేదు. నీలంగా ఉంది.

"ఏముంది?"

"శుభ్రంగా ఉంది సార్. నీళ్ళు లేవు."

"సరిగ్గా చూశావా?"

"చూశాను సార్. చుక్క నీళ్ళు లేవు." నా గొంతులో విసుగు ఆయనకి వినిపించే ఉంటుంది. వినిపించాలనే అన్నాను.

ఆయన గ్లాసు తీసుకుని, గటగటా తాగేశాడు.

"సార్! పెట్రోలు!" అని గట్టిగా అరిచాను. ఆయన ఆఖరి చుక్క దాకా తాగి, కోటు చేతికి మూతి తుడుచుకున్నాడు.

"మంచినీళ్ళు. ఆఫీసు కుళాయివి."

నాకు రక్తం మొహంలోకి కొట్టుకొచ్చింది. "ఇది మోసం సార్. రెక్కలోంచి తీశానన్నారు మీరు."

"అన్నాను. నా మాట విన్నావు. గ్లాసు చూడలేదు."

"నీలంగా కనిపించింది!"

"ఆకాశానికి పట్టావు. నీలంగా కాక ఎలా కనిపిస్తుంది? అంతా నీళ్ళే అయితే ఇంక గీతెక్కడిది?" అని రెక్క అడుగుభాగం మీద అరచేత్తో కొట్టాడు. తెల్ల రంగు వేసిన రేకు. "దీనికి ఆనించి చూస్తే తెలిసేది. వాసన చూసినా తెలిసేది." ఖాళీ గ్లాసు విదిల్చాడు. "నేనూ ఆకాశానికే పట్టాను. మొదటిసారి ఒంటరిగా ఎక్కిన రోజున. ముందు రోజంతా వాన. నీలంగా ఉందన్నాను. చెట్టెత్తు లేచాక ఇంజను ఆగిపోయింది. ఎదురుగా పొలముందని తెలుసు. పొలానికి అడ్డంగా తీగ కట్టారని తెలీదు."

ఆయన చెయ్యి దవడ మీదికి పోయి, మళ్ళీ దిగింది. పెద్ద విమానాల వాళ్ళు ఈ మనిషిని ఎందుకు తీసుకోలేదో, రొట్టె ముక్క అరగంట ఎందుకు పట్టేదో అప్పుడు తెలిసింది. తెలిసి, నేను క్షమాపణ అడిగానా? లేదు. సీటు పోయిందన్న కోపంలో ఆ గ్లాసు లాక్కుని నేలకేసి కొట్టాను. అది పగల్లేదు కూడా. ఎగిరి గడ్డిలో పడింది.

"ఇవాళ్టికి లేదు" అని సారు వంగి గ్లాసు తీసుకుని, ఆఫీసు వైపు నడిచాడు.

ఆ సాయంత్రం పెట్టె సర్దుకున్నాను. క్యాంటీన్‌లో రోజూ నవ్వేవాళ్ళు నా గది కిటికీ దగ్గరికి వచ్చి "చివరిసారిగా ఒక్కసారి సారుని చేసి చూపించు" అన్నారు. నోరు పక్కకి తిప్పబోయాను, తిరగలేదు. తలనొప్పి అని చెప్పి కిటికీ మూసేశాను. అమ్మకి ఫోన్ చెయ్యలేదు.

తెల్లారాక గది తాళం ఇచ్చేద్దామని ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా తాళం వైపు వింతగా చూశాడు.

"ఇదెందుకమ్మా? నీకింకా ఒక రోజుంది."

"నిన్నటితో అరవై అయిపోయాయండీ."

"నిన్నటిది లెక్కలోకి రాదు. మీ సారుకి ఒంట్లో బాగోలేదుగా."

"ఎవరికి? ఆయన దుక్కలా ఉన్నాడు నిన్న."

గుమాస్తా అనారోగ్యాల రిజిస్టరు తెరిచి నా ముందుకి తోశాడు. ససేమిరా సారు పేజీ. పైన పేరు. ఇరవై ఆరేళ్ళ తెల్ల కాగితం. దాని మీద, వంకరటింకర అక్షరాలతో, ఒకే ఒక్క వరస: "మధ్యాహ్నం మూడున్నర నుంచి కడుపులో వికారం. కారణం: తాగకూడనిది తాగుట."

"పిచ్చి మనిషి. ఆ పేజీని ప్రాణంలా చూసుకునేవాడు" అన్నాడు గుమాస్తా. "రాసి, బ్లాటింగు కాగితం అడిగి తీసుకుని, సిరా అద్ది మరీ వెళ్ళాడు."

నేను తాళం జేబులో వేసుకుని పరుగెత్తాను. విమానం దగ్గరికి కాదు, ముందు కంచె దగ్గరికి. మోకాళ్ళ దాకా బురద. కంచె పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆ పొలాన్ని చూశాను. అరవై రోజులుగా దాని మీదుగానే ఎగిరాను, చూడడం అదే మొదలు. ఆ తర్వాత విమానం దగ్గరికి వచ్చాను. సారు చక్రం పక్కన కూర్చుని రొట్టె నములుతున్నాడు. నా వైపు చూడలేదు. తనిఖీ మొదలుపెట్టాను. రెండు రెక్కల కిందా పెట్రోలు నేనే తీశాను. తెల్ల రేకుకి ఆనించి చూశాను. వాసన చూశాను. వేళ్ళ మీద పోసుకుని, చల్లబడి ఆరిపోయేదాకా ఆగాను. మామూలుగా ఇరవై నిమిషాల పని, గంట పట్టింది. ఆయన నమలడం అయ్యేసరికి నాదీ అయింది.

ఇద్దరం ఎక్కి రన్‌వే మొదటికి వెళ్ళాం.

"గ్లాసులో ఏముంది?"

"పెట్రోలు సార్."

"పొలంలో?"

"ఎడమ వైపు నీళ్ళ పైపులు పేర్చారు సార్. కుడి వైపు దున్ని ఉంది, మెత్తగా ఉంది. తీగలు లేవు. ఆ చివర రెండు ఆవులున్నాయి, కట్టేసి ఉన్నాయి."

ఆయన నా బూట్ల వైపు చూశాడు. తర్వాత బెల్టు విప్పుకున్నాడు, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని సంతకం గీకాడు, కోటు దులుపుకుని కిందికి దిగాడు. ఇంజను గాలికి ఆ అతుకుల కోటు ఎగురుతోంది. తలుపు మూయబోతున్నాడు. అడగాల్సింది అడగలేక, ఇదొక్కటే అడగగలిగాను.

"కడుపులో ఎలా ఉంది సార్?"

"నువ్వు దిగొచ్చాక చెప్తా" అని సారు తలుపు వేశాడు.