నాయన కుడి చెవి

నాయనకు పనిచేసేది కుడి చెవి ఒక్కటే. చెరకుతోట బోరు మోటారు నీళ్లు లాగుతోందో, గాలి లాగుతోందో ఐరాలలోని మా ఇంట్లో మంచం దిగకుండానే ఆ చెవితో చెప్పేసేవాడు. పోయిన చలికాలం అందులోంచి చీము కారింది. మేనత్త తెల్లగడ్డలు కాచిన నూనె పోసింది. నొప్పి పెరిగితే ఇంకాస్త పోసింది.

చిత్తూరు డాక్టరు చూసి, కర్ణభేరికి చిల్లు పడిందన్నాడు. ఈ చుక్కల మందు తప్ప చెవిలో ఏదీ పడకూడదు, ఉన్న వినికిడి నిలిస్తే దీంతోనే నిలవాలి అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే అత్తకు కోపమొచ్చింది. "మీ డాక్టరు పుట్టకముందు నించీ పోస్తాండామురా ఈ నూనె. ఎవురికన్నా సెవుడొచ్చిందా?"

నాయన ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది. అప్పుడు నూనె పోసిందెవరని నేను అడగలేదు. మధ్యాహ్నం అన్నం పెట్టాల్సింది ఆమే.

అయినా మందుకివ్వాల్సిన గౌరవం ఇచ్చి, సీసాను ఫ్రిజ్జులో పెరుగు పక్కన పెట్టింది. మొదటిసారి అట్లే చల్లగా తీసి వేసింది. నాయన మంచంపట్టె పట్టుకుని, "ఇల్లు తిరగతా ఉండాదిరా, పట్టుకోండి!" అని అరిచాడు. ఇంటిని పట్టుకోవడానికి మేమిద్దరమే ఉన్నాం.

ఆ తర్వాత ఆ పని నేను తీసుకున్నాను. సీసా గుప్పిట్లో వెచ్చబడేదాకా ఆగి, నాయన ఎడమవైపుకు ఒత్తిగిలాక, చెవి డొప్పను మెల్లగా పైకీ వెనక్కీ లాగి, చుక్కలను లోపలి అంచు వెంట జారనిచ్చేవాణ్ణి. కాసేపు కదలకూడదు. ఒక చెవి దిండులో, ఒక చెవి మందులో. అంతసేపూ ఆయనకు లోకం లేదు. అందుకని భుజం మీద చెయ్యి వేసి ఉంచేవాణ్ణి. చెయ్యి తీస్తే లేవచ్చని గుర్తు.

"ఊరికే తీసేయమాక," అనేవాడు.

చీము ఆగింది. "సూస్తివా, నా నూనె యాడికీ పోలేదు. లోపలుండి పని చేస్తాండాది," అంది అత్త.

సీసా ఖాళీ అయిన రోజు భుజం మీంచి చెయ్యి తీశాను. నాయన లేచి, కారిన మందు తుడుచుకున్నాడు. బయట మోటారు నిండుగా నీళ్లు లాగుతోంది. ఆయన ఆ వైపే తల తిప్పి కాసేపు కూర్చున్నాడు.

"కరెంటు పోయిందారా?"

అత్త నా వైపు చూసింది.

అవునన్నట్టు తలాడించి, వెళ్లి మోటారు ఆపేశాను. చెరకు సగమే తడిసింది.