మంచం కోడుకి కట్టిన గుడ్డపీలిక

నేను సైన్సు టీచర్ని. గురజాల దగ్గర ఒక హైస్కూల్లో పాతికేళ్ళుగా అదే పని. స్కూలు వెనక పాడుబడ్డ గదిలో రాత్రిపూట ఏదో తిరుగుతోందని పిల్లలు హడలిపోతే, తొమ్మిదో తరగతి మొత్తాన్నీ ఆ గదిలోనే కూర్చోబెట్టి వారం రోజులు పాఠం చెప్పాను. దొరికింది రెండు గబ్బిలాలు, ఒక పిల్లి. దయ్యాల సంగతి నా ముందు ఎత్తడానికి మా స్టాఫ్‌రూంలో ఇప్పటికీ జంకుతారు.

చనిపోయినవాళ్ళు తిరిగొస్తారని మా చర్చిలోనూ చెప్పరు. పైగా నేను చెప్పబోయే మనిషి చనిపోలేదు. నా ఇబ్బంది అదే. చనిపోయి ఉంటే ఏదో ఒకటి అనుకుని ఊరుకునేదాన్ని.

ఆ మనిషి మా అమ్మ.

అమ్మకి మతిమరుపు మొదలై నాలుగేళ్ళయింది. ముందు తాళంచెవులు మర్చిపోయింది, తర్వాత పొయ్యి మీద పాలు, తర్వాత మనుషుల్ని. గుంటూరు డాక్టరు డిమెన్షియా అన్నాడు. మందులు రాశాడు, తగ్గే జబ్బు కాదని కూడా చెప్పాడు. రెండేళ్ళ కిందట నేనెవరో మర్చిపోయింది. నన్ను "టీచరమ్మా" అని పిలుస్తుంది. అన్నం కలిపి పెడితే "మీకెందుకమ్మా ఈ శ్రమ" అంటుంది, ఎంతో మర్యాదగా. ఆ మర్యాద నేను తట్టుకోలేను.

కూతుర్ని మాత్రం మర్చిపోలేదు. ఆ కూతురికి పదకొండేళ్ళు, పేరు దీన, హాస్టల్లో ఉంది. హాస్టల్లో పిల్లల్ని చూడనిచ్చేది ఆదివారాలు; ఏ వారమైనా అమ్మకి ఆదివారమే. పొద్దున్నే సంచిలో స్టీలు గిన్నె పెట్టుకుని బస్టాండుకి బయల్దేరుతుంది. "బిడ్డని చూసి రావాల టీచరమ్మా, దారికి అడ్డం నిలబడమాకండి" అంటుంది. ఆ దీనని నేనే. రికార్డుల్లో దీనకుమారి, ఊరందరికీ కుమారి టీచరు. దీన అని పిలిచేది అమ్మ ఒక్కతే.

హాస్టలు సంగతి కొంచెం చెప్పాలి. మాది బెల్లంకొండ వైపు పల్లె. నాన్న పోయిన ఏడాదే అమ్మ నన్ను ఆరో తరగతికి హాస్టల్లో చేర్చింది. మిరపకోతలకి తెల్లారకముందే పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషి. ఎదిగే ఆడపిల్లని ఇంట్లో ఒంటరిగా వదల్లేకపోయింది. ఈ మాట ఇప్పుడు ఎంత తేలిగ్గా రాస్తున్నానో! అప్పుడు మాత్రం నన్ను వదిలించుకుంటోందనే అనుకున్నాను.

చేర్చిన రోజు అమ్మ హాస్టలంతా తిరిగింది. బాత్రూం గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసింది. వంటగదిలోకి పోయి అన్నం పెట్టించుకుని తింది. "పిల్లని వదిలే చోట మనం ముందు ఒక ముద్ద తినాల" అనేది. నా మంచం మీద తను పడుకుని చూసింది. ఆఖరికి కట్టుకున్న చీర అంచు నుంచి ఒక పీలిక చించి మంచం కోడుకి కట్టింది. మిరప కల్లంలో ఎవరి బస్తా ఏదో తెలియడానికి మా కూలీలు అలాగే బస్తా మూతికి గుడ్డపీలిక కడతారు. నా మంచం ఇంకెవరూ తీసుకోకుండా నాకు బస్తా గుర్తు పెట్టింది మా అమ్మ. చుట్టూ పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయి, ఈమె ఎప్పుడు పోతుందా అని చూశాను. పోయాక ఏడ్చాను.

మొదటి పది పన్నెండు రాత్రులు ఏడుస్తూనే ఉన్నాను. అక్కడ ముసలి ఆయా ఒకామె రోజూ వచ్చి, నేను నిద్రపోయేదాకా నా చెయ్యి పట్టుకుని కూర్చునేది. ఆమె మేలు నేను మర్చిపోలేదు. పెద్దయ్యాక ఏదో గొడవలో అమ్మతో అనేశాను కూడా, "కన్నతల్లివి నువ్వు వదిలేస్తే పరాయి మనిషి నా చెయ్యి పట్టుకుంది" అని. అమ్మ చాట తీసుకుని బియ్యం చెరగడం మొదలుపెట్టింది.

పోయిన ఏడాది మాఘమాసంలో అమ్మ మాచర్ల రోడ్డు మీద లారీకి అడ్డంగా నడిచింది. డ్రైవరు చూసుకున్నాడు కాబట్టి బతికింది. ఆ రాత్రి మా ఆయన మెల్లిగా అన్నాడు, "ఇక మన వల్ల కాదు కుమారీ. ఇంట్లో పెట్టి తాళం వేసి పోతున్నాం. అదేమైనా బాగుందా?" బాగాలేదు. నాకూ తెలుసు.

నరసరావుపేట శివార్లలో ఇలాంటి ముసలివాళ్ళని చూసుకునే హోం ఒకటుందని విని స్కూలు నుంచి ఫోన్ చేశాను. కుమారి టీచరునని చెప్పాను. శనివారం వచ్చి చూసుకోమన్నారు. అమ్మకి చెప్పలేదు. చెప్పినా అర్థం కాదని ఒక కారణం. ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియకపోవడం అసలు కారణం.

శనివారం పొద్దున పక్కింటి మస్తానమ్మ పిన్నిని అమ్మ దగ్గర కూర్చోబెట్టి తొమ్మిది గంటల బస్సెక్కాను. పిన్నికి గుంటూరు పని అని అబద్ధం చెప్పాను. హోం చేరేసరికి పన్నెండు కావస్తోంది.

పాత మేడ ఇల్లు అది. కింద హాల్లో ఆడవాళ్ళకి ఎనిమిది ఇనప మంచాలు. ఆదెమ్మ అనే ఆయా నన్ను లోపలికి తీసుకెళ్తూ, నా మొహం పరీక్షగా చూసి అంది, "మీ చెల్లెలు పొద్దున వచ్చి చూసి పోయిందిగా అమ్మా? మళ్ళా ఈ ఎండలో మీరెందుకు?"

నాకు చెల్లెలు లేదు. అక్క కూడా లేదు. అదే చెప్పాను. "అచ్చం మీ పోలికే. ముక్కు, మొహం దించినట్టున్నయ్" అంది. మనుషుల్ని పోలిన మనుషులుంటారులే అనుకున్నాను.

హోం మంచిదా కాదా అని చూడ్డానికి ఏవేవి చూడాలో కాగితం మీద రాసుకుని పోయాను. డాక్టరు ఎప్పుడొస్తాడు, రాత్రి ఎంతమంది ఉంటారు, అలాంటివి. కానీ నా చేతులు ముందు బాత్రూం గడియ దగ్గరికి పోయాయి. వేసి తీశాను. ఆదెమ్మ నవ్వింది. "ఆయమ్మ కూడా ఇంతే. రెండుసార్లు ఏసి తీసింది." వంటగదిలో ఒక ముద్ద పెట్టమని అడిగితే ఈసారి వంటామె నవ్వింది. "పొద్దున ఆయమ్మకి కూడా పెట్టానమ్మా. నిలబడే తినింది." నేనూ తిన్నాను. పప్పుచారు పలచన, ఉప్పు సరిపోయింది.

అప్పుడు అడిగాను, ఆమె ఎవరి కోసం వచ్చిందని.

"బిడ్డ కోసమంట" అంది ఆదెమ్మ. "ముప్పై ఐదుంటయ్యేమో. ఎండకి మాడిపోయిన మనిషి, కూలి చేసుకునేదానిలాగుంది. మా కాడ పిల్లలుండరమ్మా, అంతా పెద్దోళ్ళే అని చెప్పా. వినిపించుకోలా. మా దీనకి ఇల్లు వదిలి ఉండటం ఇదే మొదలు అంటది."

నేను ఆ పేరు ఎవరికీ చెప్పలేదు.

హాల్లోకి తిరిగొచ్చాం. ఖాళీగా ఉన్నది మూడో మంచం. ఆమె దాని మీద పడుకుని కూడా చూసిందట. నేను వంగి చూశాను. తలవైపు కోడుకి నల్లటి గుడ్డపీలిక కట్టి ఉంది, ఒక పక్క సన్నటి ఎర్ర అంచు. ముడి బస్తా ముడి. "ఇదేంది, నిన్న ఊడ్చినప్పుడు లేదే" అంది ఆదెమ్మ. విప్పబోతే నేను వద్దన్నాను.

ఆ మంచం మీదే కూర్చున్నాను. ఆదెమ్మ మంచినీళ్ళు ఇచ్చి, ఓదార్చడానికే కాబోలు, ఇంకో మాట చెప్పింది.

"పోతా పోతా నా రెండు చేతులూ పట్టుకుందమ్మా. రాత్రిళ్ళు ఏడ్చుద్ది, ఏడిస్తే తిట్టమాకండి, కాసేపు చెయ్యి పట్టుకుంటే నిద్రపోద్ది అంది. ఆ మాటంటానికి ఎంత ఇదైపోయిందో. నాకే కళ్ళల్లో నీళ్ళు తిరిగినయ్."

ఆ ముసలి ఆయా తనంతట తనే వచ్చి నా పక్కన కూర్చుందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఎవరైనా చెబితే వచ్చిందేమోనన్న ఆలోచన ఒక్కసారైనా నాకు రాలేదు. అమ్మతో ఆ మాట అనేశాక, అమ్మ చాట తీసుకుని పక్కకి తిరగడం గుర్తొచ్చింది. నరసరావుపేటలో, ముక్కూమొహం తెలియని ఏడుగురి మధ్య, చిన్నపిల్లలాగా ఏడ్చాను.

హోం నడిపే రిటైర్డు నర్సు పదకొండింటికి వచ్చిందట, ఆ మనిషిని చూడలేదు. ఆ ఆడమనిషి పదింటప్పుడు వచ్చిందని ఆదెమ్మ, వంటామె ఇద్దరూ విడివిడిగా అడిగినా ఒకే మాట చెప్పారు. గేటు బయట ఎటు పోయిందో ఎవరూ గమనించలేదు. కెమెరాలు ఇంకా పెట్టించలేదట.

సాయంత్రం ఇంటికొస్తే మస్తానమ్మ పిన్ని ఫిర్యాదు మొదలుపెట్టింది. "నువ్వటు పోంగానే మీ అమ్మ పడుకుందమ్మాయ్. పన్నెండింటిదాకా కదల్లా మెదల్లా. ముక్కు దగ్గర ఏలు పెట్టి చూశా, భయమేసి. లేచినాక అన్నం తినమంటే వద్దంటది. తినొచ్చిందంట! పప్పుచారు పలచనంట!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అమ్మ పక్కన కూర్చుని, ఎక్కడికి పోయొచ్చావని అడిగాను. అరికాళ్ళు రుద్దుకుంటూ చెప్పింది. "బిడ్డని ఏసే చోటు చూసొచ్చా టీచరమ్మా. బస్సులో సీటు దొరకలా. మంచోళ్ళే."

తర్వాత ఎన్నోసార్లు లెక్క తేల్చాలని చూశాను. అది నా వృత్తి. దీన అనే పేరు మా వాళ్ళలో వీధికొకటి ఉంటుంది. బస్తా ముడి పల్నాట్లో సగంమంది ఆడవాళ్ళకి వచ్చు. ముసలామె పగటి నిద్రలో ఏదో కలగని ఉంటుంది, పప్పుచారు ఎక్కడైనా పలచనే. ఇలా ఒక్కొక్కటీ విడదీసి కొట్టెయ్యగలను. అన్నీ కలిపి ఒకే పూట జరగడాన్ని మాత్రం కొట్టెయ్యలేను. అమ్మ నిజంగా ఆనాడు హాస్టల్లో ఆయాకి అలా చెప్పిందో లేదో కూడా తేల్చుకోలేను. ఆ ఆయా ఎప్పుడో పోయింది. అమ్మ ఉండీ చెప్పగలిగే స్థితిలో లేదు.

నెల తర్వాత అమ్మని ఆ హోంలోనే చేర్చాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ చేర్చాను. గుమ్మం దాటగానే అమ్మ ఎవరూ చెప్పకుండా మూడో మంచం దగ్గరికి నడిచింది. వంగి పీలిక తడిమి చూసి, "ఇది మా దీన మంచం" అని ఒక పక్కగా ఒదిగి కూర్చుంది, బిడ్డ పడుకోవడానికి చోటు వదిలి. నేను వంటగదిలోకి పోయి ఒక ముద్ద తిన్నాను. వెళ్ళేముందు ఆదెమ్మ రెండు చేతులూ పట్టుకున్నాను. "తెల్సులేమ్మా, ఏడిస్తే తిట్టం" అంది ఆవిడే.

ఆ శనివారం అక్కడికి వచ్చిన ఆడమనిషి మళ్ళీ రాలేదు.

ఆదివారం ఆదివారం గిన్నెలో గోంగూర పచ్చడి, అన్నం పెట్టుకుని పోతున్నాను. ప్రతిసారీ అమ్మ అడిగేది ఒక్కటే. "మా దీన రాత్రిళ్ళు ఏడుస్తందా టీచరమ్మా?" లేదమ్మా అని చెబుతుంటాను. మొన్న ఆదివారం ఎందుకో అబద్ధం ఆడలేకపోయాను. "ఏడుస్తోందమ్మా" అన్నాను.

అమ్మ చాలాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. మిరపకాయలు కోసి కోసి నునుపుదేరిన వేళ్ళు. నాలుగు గంటల బస్సు పోయింది, ఐదు గంటలదీ పోయింది, వదల్లేదు. టీచరమ్మ చెయ్యి అనుకుని పట్టుకుందో, ఇంకెవరిదనుకుందో, అది కూడా నాకు తెలియదు.