దగ్గు మందు పంచుకున్న స్నేహితులు

మా చెల్లెలు మా వీధి చివరి క్లినిక్‌లో నర్సు. మా వంశంలో తెల్లకోటు తొడిగిన మొదటి మనిషి ఆమె. ఆ కోటు కుట్టింది నేను. నా చదువు ఊరిబడితో సరి. అయినా జడ్జిగారి నల్లకోటు, బ్యాండువాళ్ళ ఎర్ర యూనిఫారాలు, ఈ వీధిలో సగంమంది పెళ్ళిబట్టలు నా కత్తెర కిందినుంచి వెళ్ళినవే. వాటన్నిటికన్నా నాకు గర్వం చెల్లెలి కోటు. ఆమె సూది వేస్తే ఏడ్చిన పిల్లలు పెద్దవాళ్ళై, తమ పిల్లల్ని ఎత్తుకుని మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చారు. వీధిలోకి వాననీళ్ళు వచ్చిన రోజున కూడా ఆ క్లినిక్ తలుపు మూతపడలేదు.

మధ్యాహ్నం పూట అక్కడ కూర్చుంటే సగం నిద్రలో ఉన్నట్టుండేది. ఆకుపచ్చ కర్టెన్ గాలికి ఉబ్బి, మెల్లగా వాలిపోయేది. బెంచీ మీద ముసలివాళ్ళు వరసగా దగ్గేవాళ్ళు. ఒకరి దగ్గు ఆగేలోపు మరొకరిది అందుకునేది, దూరాన ఎవరో ఒక్కొక్క తలుపే మూసుకుంటూ పోతున్నట్టు. కిటికీలోంచి పడ్డ వెలుగు నేలమీద నీళ్ళలా కదిలేది. ఆ నీళ్ళమీద బెంచీ ఎటో తేలిపోతోందనిపించేది నాకు.

చెల్లెలికి మాత్రం ఆ దగ్గులతో నిద్ర పట్టేది కాదు. “అన్నయ్యా, ఇన్నేళ్ళుగా మందిస్తున్నాను. తగ్గినవాళ్ళకి మందువల్ల తగ్గిందో, దానంతటదే తగ్గిందో తెలీదు. ఒక్కదాని సంగతైనా తెలుసుకుని రిటైరవ్వాలి” అనేది.

అలాంటి సమయంలో క్లినిక్ డాక్టరమ్మ ఒక పరిశోధనలో చేరింది. మాలాంటి చిన్న క్లినిక్కులు ఎన్నో కలిసి చేసే పని అది. వారాల తరబడి దగ్గు పట్టుకున్న పెద్దవాళ్ళలో కొందరికి మాత్రలు, కొందరికి పీల్చే మందు, కొందరికి ఎప్పుడూ చెప్పే జాగ్రత్తలే. ఎవరికి ఏదన్నది కంప్యూటరు చీటీ తీసినట్టు తీస్తుంది. దారి మధ్యలో ఒకసారి లెక్క చూస్తారు. పనిచేయనిదాన్ని ఆపేసి, మేలు చేస్తున్నట్టు కనబడేదానికి ఎక్కువమందిని పంపుతారు.

“మధ్యలో మార్చేస్తే అదేం పరిశోధన అమ్మాయ్? ఇష్టమొచ్చినట్టు చేసుకోవడమేగా” అన్నాను.

“నువ్వు కోటుకి ముందు వదులుగా టాకాలు వేసి, ఒంటిమీద తొడిగి చూడవూ?”

“చూడకపోతే ఎలా?”

“బిగుతైతే వదలడానికి గుడ్డ ముందే లోపల మడిచి ఉంచుతావు కదా. ఇదీ అంతే. ఎప్పుడు చూడాలో, ఏం కనబడితే ఏం మార్చాలో మొదలుపెట్టకముందే రాసిపెట్టుకున్నారు. మధ్యలో ఎవరికో బుద్ధి పుట్టి చేసే మార్పు ఒక్కటీ ఉండదు.”

వైద్యాన్ని కుట్టుపనితో వివరించిన ఘనత మా ఇంటిదేనని ఆ రోజునుంచీ అందరికీ చెబుతున్నాను.

అందులో చేరినవాళ్ళలో ఒక రిటైరైన బస్సు డ్రైవరు, ఆయన పక్కింటి మేస్త్రి ఉన్నారు. పేపరు కొంటే మధ్యకి చింపి చెరో సగం చదువుకునే రకం. మేస్త్రికి మాత్రలు పడ్డాయి, డ్రైవరుకి పీల్చే మందు.

మధ్య లెక్క దగ్గరపడుతుండగా ఒకరోజు ఇద్దరూ కలిసి వస్తే చెల్లెలు మేస్త్రిని అడిగింది: “బాబాయ్, మాత్రలు అప్పుడే అయిపోయాయా?”

“సగం వీడికిచ్చాను కదమ్మా” అన్నాడు మేస్త్రి తాపీగా. “సాయంత్రం వీడి డబ్బా నేను పీలుస్తాను.”

“ఎవరిది వాళ్ళే వాడాలని చెప్పానా లేదా?”

“మేమిద్దరం ఒకటని కంప్యూటరుకేం తెలుసు తల్లీ?” అన్నాడు డ్రైవరు. “వాడొక్కడే మాత్ర మింగుతుంటే నాకు ముద్ద దిగుతుందా?”

“బాగానే ముంచారు నా కొంప. పోనీ, రెండూ వాడారు, దగ్గు తగ్గిందా?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “అదే మాకూ అర్థం కావట్లేదు” అన్నాడు మేస్త్రి.

ఆ సాయంత్రం చెల్లెలు నా కొట్లోకొచ్చి స్టూలు మీద కూలబడింది. పరిశోధనవాళ్ళకి చెబితే మా క్లినిక్‌నే తీసేయొచ్చు. తీసేస్తే, ఆమె ఇంతకాలం ఎదురుచూసిన ఆ లెక్కలో మా బెంచీ మీది మనిషి ఒక్కడూ ఉండడు.

“ఎవరికి తెలుస్తుందమ్మాయ్? వాళ్ళిద్దరూ నోరు మెదపరు” అన్నాను.

“ఒకడి కోటు ఇంకొకడికి తొడిగి, సరిపోయిందని రాసిస్తావా నువ్వు?” అంది.

మర్నాడే డాక్టరమ్మ చేత ఫోను చేయించింది. కొత్తవాళ్ళని చేర్చుకోవద్దన్నారు, మనిషిని పంపుతామన్నారు. ఆ రోజులు మబ్బులో నడిచినట్టు గడిచాయి. చెల్లెలికి ఒకటే కల: అందరూ ఒకే గొంతుతో దగ్గుతున్నారు, చేతులు చాస్తున్నారు, ఎవరి చేతిలో ఏ మందుందో పొగమంచులో కనబడదు. ఆ కల చెబుతూ నా మిషను పక్కన పడ్డ గుడ్డపీలికల్ని రంగుల వారీగా సర్దేది.

చివరికి పరిశోధన డాక్టరొచ్చాడు. స్నేహితులిద్దరినీ కూర్చోబెట్టుకుని ఓపికగా విని, నవ్వాపుకోలేకపోయాడు. “చీటీలో ఎవరికేది పడిందో వాళ్ళని అందులోనే లెక్కిస్తాం. ఇళ్ళల్లో మనుషులు మందులు ఇలాగే వాడతారు, అదీ మాకు తెలియాలి. పంచుకున్న సంగతి పక్కన రాసుకుంటాం. దాచి ఉంటే మాత్రం మిమ్మల్ని తీసేసేవాళ్ళం సిస్టర్” అన్నాడు.

కొన్నాళ్ళకి మధ్య లెక్క తేలింది. ఉత్త జాగ్రత్తలకన్నా మాత్రలు చేసిందేమీ లేదు, ఆపేశారు. ఇకమీదట పీల్చే మందుకి ఎక్కువమంది. ఆ లెక్కలో మా బెంచీ మొత్తం ఉంది. డాక్టరమ్మ చెప్పగానే చెల్లెలు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. “ఒకటి తెలిసింది అన్నయ్యా” అంది నాతో. ఆమె మొహంలో అంత విశ్రాంతి నేనెన్నడూ చూడలేదు.

మేస్త్రి మొహం మాత్రం వాడిపోయింది. “అయితే నేను మింగిందంతా దండగేనా అమ్మాయ్?”

“నువ్వు మింగబట్టే కదా బాబాయ్, నీ తర్వాతవాళ్ళు మింగక్కర్లేదని తెలిసింది.”

కర్టెన్ ఉబ్బి వాలింది. ఇంతలో ఎవరో కొత్త ముసలాయన దగ్గుకుంటూ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మేస్త్రి డ్రైవరు వైపు కాస్త జరిగి చోటిచ్చాడు.

“మీకు మాత్రలివ్వరులెండి” అన్నాడు, కండువా సర్దుకుంటూ. “వాటిని ఆపించింది నేనే.”

“సగం నేను” అన్నాడు డ్రైవరు.