పదమూడో బీడీ

ఆ రోజుల్లో నా లెక్క తప్పదని నాకు గట్టి నమ్మకం. (ఇప్పటికీ ఉంది. తేదీలు వేసి రాసుకున్న నోటుబుక్కులు బీరువా నిండా ఉన్నాయి.) కోరుట్లలో కొత్తగా పంతులమ్మ ఉద్యోగం, ఒక అద్దె గది. పక్కింట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే అక్క, ఏడో తరగతి చదివే ఆమె కూతురు. ఆ పిల్లను అందరూ పొట్టి అనే పిలిచేవారు. "ఈసారి లెక్కల తప్పితే బడి బందు పెట్టిస్తనంటుండు వాళ్ల నాయిన. నా చాట పక్కన ఇంకో చాట ఏసుడు నాకు ఇష్టం లేదు పంతులమ్మా" అంది అక్క. పరీక్షకు వారమే ఉంది. పాస్ చేయిస్తానని మాటిచ్చాను.

పాఠం అకరణీయ సంఖ్యలు, అంటే భిన్నాలే. సగానికి మూడో వంతు కలపమంటే, పొట్టి పైవి పైకి, కిందివి కిందికి కూడి, అయిదింట రెండు అని రాసింది. అది సగం కంటే తక్కువ అని మూడు రోజులు చెప్పాను. "కూడితి గద టీచర్, ఎట్ల తక్కువైతది?" అంటుంది. కళ్లకు చూపిస్తే గానీ లాభం లేదని, అక్క కట్టిపెట్టిన ఇరవై అయిదు బీడీల కట్ట ఒకటి విప్పాను. అందులో సగమంటే పన్నెండున్నర. నేను ఉజ్జాయింపు మనిషిని కాను. పదమూడో బీడీని స్కేలు పెట్టి కొలిచి, ఆకు కత్తిరించే కత్తెరతో సరిగ్గా నడిమికి కోశాను. తంబాకు ఒళ్లంతా రాలింది. మూడో వంతుకు ఎనిమిది బీడీలు, ఇంకొకదానిలో మూడో వంతు ముక్క. (అదీ కొలిచే కోశాను.) తుమ్ములు అందుకున్నాయి, నాకు ఏడు, పొట్టికి నాలుగు.

"సగం బీడీ ఎవలు తాగుతరు టీచర్?" అంది పొట్టి ముక్కు తుడుచుకుంటూ.

అక్క చాట మీంచి తలెత్తలేదు. "ఒక్క కట్టను గట్ల ఆగం జేసుడెందుకు పంతులమ్మా? ఆరు కట్టలు పెట్టుండ్రి. సగమంటే మూడు, మూడో వంతంటే రెండు. అయిదు పోయినయి, ఒకటి మిగిలింది. గింతే గద."

పొట్టి ఆరు కట్టలు వరుసగా పేర్చి, అయిదు ఇటు జరిపి, మిగిలినదాన్ని చాలాసేపు చూసింది. "అంటే రెండు పాళ్లకు, మూడు పాళ్లకు గూడ సమంగ పంచొచ్చే లెక్క ముందుగాల ఎతుక్కోవాలె" అని, ఆరింట అయిదు రాసింది. నేను మూడు రోజులుగా నల్లబల్ల మీద అరిగించిన సుద్దంతా ఆ ఒక్క మాట కోసమే.

పరీక్షలో ముప్పై ఎనిమిది మార్కులు వచ్చాయి. ముప్పై అయిదుకు పాస్. అక్క పక్కన రెండో చాట పడలేదు.

మొన్న ఆ నోటుబుక్కు తీసి చూస్తే, గుండ్రటి అక్షరాల్లో ఉంది: "మంగళవారం. భిన్నాల కూడిక నేర్పాను." ఇంత పెద్ద తప్పు ఇన్నేళ్లూ నా కంట పడకపోవడమే విచిత్రం. ఎర్ర పెన్నుతో కొట్టేసి, "పక్కింటి అక్క నేర్పింది" అని దిద్దాను. దాని కింద "పాడైన బీడీలు రెండు" అని ఉంది. అది సరిగ్గానే ఉంది కాబట్టి ముట్టుకోలేదు.