టిఫిన్ తిన్నాక ఒక మాత్ర

2023 జనవరి. నారాయణగూడ చౌరస్తాకు దగ్గర్లో, ఒక బ్యాగుల దుకాణం పైన, మొదటి అంతస్తులో ఉంటుంది మా క్లినిక్. మా డాక్టర్ గారు సైకియాట్రిస్ట్, అంటే మనసుకు వచ్చే జబ్బులకు వైద్యం చేసేవారు. నేను అక్కడ పందొమ్మిదేళ్లుగా నర్సుని. బోర్డు చిన్నదిగా, అక్షరాలు ఇంకా చిన్నవిగా రాయించారు డాక్టర్ గారు. మెట్లెక్కేవాళ్లను చూసి జనం బ్యాగులు కొనడానికి వచ్చారనుకోవాలని ఆయన ఉద్దేశం. కొందరు నిజంగానే కింద ఓ బ్యాగు కొనుక్కుని మరీ పైకి వస్తారు.

అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు, ముషీరాబాద్ వ్యాపారులు, చిక్కడపల్లిలో రిటైరైన ఉద్యోగులు, అందరూ మా దగ్గరికి వస్తారు. ఇన్నేళ్లలో అన్ని రకాల మనుషుల్నీ చూశాననే అనుకునేదాన్ని. ఒక పాస్టర్ మాత్రం అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేర్లు మార్చాను. ఆయన్ని ప్రభుదాస్ గారు అందాం.

ఆ రోజు మంకీ క్యాపు, ముఖానికి మాస్కు పెట్టుకొని వచ్చారు. కళ్లు తప్ప ఇంకేమీ కనబడలేదు. డాక్టర్ దగ్గరికి పంపే ముందు హిస్టరీ తీసుకోవడం నా పని. ఎప్పటి నుంచి బాధ, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఇంట్లో ఎవరెవరు, ఇలా ఒక పేజీ నిండా ప్రశ్నలుంటాయి. ఏం పని చేస్తారని అడిగితే ఆయన జవాబు చెప్పకుండా నా మెడలోని చిన్న సిలువ వైపు చూశారు.

"మీరు విశ్వాసులా, సిస్టర్?"

"అవునండీ. ముషీరాబాద్‌లో మా చర్చి."

ఆయన లేచి నిలబడ్డారు. "అయితే నేను పోత. మా సంఘపోళ్లు మీకు తెలిసే ఉంటరు."

"కూర్చోండి. ఈ గదిలో విన్న మాట నా నోట్లోంచి బయటికి రాదు. రాబట్టాలని మా ఆయన పందొమ్మిదేళ్లుగా ప్రయత్నిస్తూనే ఉన్నాడు, పాపం," అన్నాను.

కూర్చున్నారు. క్యాపు తీసి ఒళ్లో పెట్టుకుని, "నేను పాస్టర్‌ని. చిక్కడపల్లిల చిన్న సంఘం," అన్నారు. ఈసారి లేచి నిలబడటం నా వంతయింది. పాస్టర్‌ని మేం అయ్యగారంటాం, అయ్యగారు ఎదురుగా ఉంటే కూర్చోం, చిన్నప్పటి అలవాటు. ఆయన చెయ్యి ఊపుతూ, "కూసోండ్రి, సిస్టర్. ఈడ నేను పేషంటునే గద," అన్నారు.

ఆగస్టు నుంచి ఆయనకు తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తోంది. అన్నం సహించడం లేదు. ప్రతి ఆదివారం ప్రసంగం చెబుతున్నారు. విన్నవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు, ఆమెన్ అంటున్నారు. "నాకే ఏం అనిపిస్తలేదు, సిస్టర్. ప్రార్థన చేస్తే గోడకు చెప్పినట్టుంటది. నా మాట నాకే వినబడ్తది. ఇది అవిశ్వాసమేనా?"

"థైరాయిడ్ వస్తే అవిశ్వాసం అంటామా, అయ్యగారూ? ఇదీ అంతే," అన్నాను. ఇలాంటి జవాబులు నా దగ్గర సిద్ధంగా ఉంటాయి.

ఆయన నన్ను జాలిగా చూశారు. "థైరాయిడ్ ఉన్నోడు ప్రసంగం చెప్పొచ్చు. దేవుడు వింటున్నడో లేదో తెల్వనోడు ఎట్ల చెప్పాలె?"

ఆ మాటను హిస్టరీ పేజీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. ఒక్కటి మాత్రం నాకు తెలుసు. మా సంఘాల్లో ఎవరికి కాలు విరిగినా ప్రార్థన చేస్తాం, ఆటో పిలిచి ఆసుపత్రికీ తీసుకెళ్తాం. మనసు విరిగితే మాత్రం ప్రార్థన ఒక్కటే చేస్తాం, తగ్గకపోతే నీ ప్రార్థనలోనే ఏదో లోపం ఉందంటాం. నేనూ ఏం తక్కువ తినలేదు. ఈ క్లినిక్‌లో చేరకముందు, మా కొయిర్‌లో పాడే ఒకామె నెలల తరబడి ఏడుస్తుంటే, ఇంకాస్త ప్రార్థన చెయ్యి అక్కా అని పంపేశాను. ఆమె తర్వాత చర్చికి రావడమే మానేసింది. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే కోపం వస్తుంది.

డాక్టర్ గారు అది డిప్రెషన్ అని తేల్చి, యాంటీడిప్రెసెంట్ రాశారు. కుంగిపోయిన మనసును మెల్లగా పైకి తెచ్చే మందు అది. రోజుకు ఒకటి చొప్పున వేసుకుంటే, గుణం కనబడటానికి మూడు వారాలైనా పడుతుంది. ఎలా వేసుకోవాలో చెప్పడం నా డిపార్ట్‌మెంట్. "పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోండి. ఖాళీ కడుపుతో మాత్రం వద్దు, వికారం పుడుతుంది. టిఫిన్ తిన్నాకే, గుర్తుంటుందా?" అని రెండుసార్లు చెప్పాను. ఆయన జేబులోంచి డైరీ తీసి, ప్రసంగం నోట్సు రాసుకున్నంత శ్రద్ధగా రాసుకున్నారు.

ఫిబ్రవరి మధ్యలో ఫాలో-అప్‌కు, అంటే మందు ఎలా పనిచేస్తోందో చూపించుకోవడానికి, మళ్లీ వచ్చారు. మంకీ క్యాపు లేదు. "నిన్న మా ఆమె చేసిన పచ్చిపులుసు రుచి తెలిసింది, సిస్టర్. ఆర్నెల్లయింది నాలుకకు రుచి తెలిసి," అని నవ్వారు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. డాక్టర్ గారు రెండు నెలలకు మందులు రాసి ఏప్రిల్లో రమ్మన్నారు. మెట్లు దిగబోతున్న ఆయన్ని ఆపి నేనే అన్నాను: "వచ్చే వారం శ్రమకాలం మొదలవుతోంది కదా, అయ్యగారూ. మా కోసం కూడా ప్రార్థన చెయ్యండి."

"తప్పకుండా, సిస్టర్," అని వెళ్లిపోయారు.

శ్రమకాలమంటే ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజులు. యేసు పడ్డ శ్రమలను తలచుకుంటూ కొందరు మాంసం మానేస్తారు, కొందరు ఒక పూట తింటారు. నేను శుక్రవారాలు మధ్యాహ్నం భోజనం మానేస్తాను. కాఫీ ఉపవాసం కిందికి రాదని నా సిద్ధాంతం. కొన్ని సంఘాల్లో మాత్రం నలభై రోజులూ సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా ఏమీ ముట్టరు. ఇదంతా మా డాక్టర్ గారికి తెలియదు, ఆయన హిందువు. ఆ క్లినిక్‌లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నా నోటితో నేనే శ్రమకాలం అన్నాను కూడా. అయినా నా బుర్రకు తట్టలేదు.

మార్చి చివర్లో ఒక శుక్రవారం, పదకొండు గంటలకు, నలభై అయిదేళ్లావిడ గబగబా మెట్లెక్కి వచ్చి ఒక ప్రిస్క్రిప్షన్ నా ముందు పెట్టింది. మీద ప్రభుదాస్ గారి పేరుంది.

"నేను ఆయన భార్యను, సిస్టర్. సువార్త నా పేరు. గ్యాస్ డాక్టర్ దగ్గరికి పోతున్న అని చెప్పిండు నాకు. ఇయ్యాల బైబిల్ కవర్ల ఈ కాయితం దొరికింది." ఆమె రొప్పుతోంది. "వారం దినాల సంది మాట్లాడ్తలేడు. రాజీనామా కాయితం రాసిండు, అది పోనియ్యిండ్రి. నిన్న ఆయన వాచీ మా తమ్మునికి ఇచ్చేసిండు. బైబిళ్లన్నిట్ల పేర్లు రాసి పెట్టిండు, ఏది ఎవరికియ్యాలనో. ఇట్ల ఎందుకు చేస్తున్నడు, సిస్టర్?"

కుంగిపోయి ఉన్న మనిషి తనకు ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నాడంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదని మాకు మొదటే నేర్పుతారు. పేషంటు మాట బయటపెట్టకూడదన్న నియమం కూడా ప్రాణం మీదికి వచ్చినప్పుడు పక్కకు జరగాలి. "ఇప్పుడు ఎక్కడున్నారు?" అని అడిగాను.

"చర్చిల. శుక్రవారం ఉపవాస ప్రార్థన నడుస్తుంది."

ఉపవాసం అన్న మాట చెవిన పడగానే నాకు అర్థమైపోయింది. డాక్టర్ గారికి చెప్పి, ఆవిడతో కలిసి ఆటో ఎక్కాను. చిక్కడపల్లి చేరడానికి పది నిమిషాలు కూడా పట్టదు. ఆ రోజు మాత్రం ప్రతి సిగ్నల్ దగ్గరా నేను ఆటో అతన్ని తిడుతూనే ఉన్నాను.

సందులో ఒక పాత ఇంటి కింది భాగమే వాళ్ల చర్చి. జంబుఖానా మీద పాతికమంది కూర్చుని ఉన్నారు. సంఘ పెద్ద ఆనందరావు గారు ప్రార్థన నడిపిస్తున్నారు. రిటైరైన ఆర్టీసీ కండక్టర్ ఆయన. గొంతు ఖంగుమంటోంది. ప్రభుదాస్ గారు ముందు వరుసలో, తలొంచుకుని కుర్చీలో కూర్చున్నారు. సువార్త గారు వెళ్లి చెవిలో ఏదో చెబితే లేచి, పక్కనున్న చిన్న గదిలోకి వచ్చారు. నన్ను చూసి ఆశ్చర్యపోయే ఓపిక కూడా ఆయనకు లేదు.

"మాత్రలు ఎప్పుడు ఆపారు, అయ్యగారూ?"

"భస్మ బుధవారం సంది." అంటే శ్రమకాలం మొదటి రోజు నుంచి. "టిఫిన్ తిన్నంకనే అన్నరు గద మీరు. టిఫిన్ లేదాయె. పొద్దటి మాత్ర సాయంత్రం వేసుకుంటే ఏమైతదో అని భయమేసింది." భార్య వైపు ఒకసారి చూశారు. "ఇంకో మాట కూడ ఉంది. ఈ నలభై దినాలు దేవుడే చూస్కుంటడేమో అనుకున్న."

"చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడిగితేనే మనిషి చెప్పుకోగలుగుతాడు.

"అనిపిస్తుంది, సిస్టర్," అన్నారు. సువార్త గారు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తప్పు నాది, అయ్యగారూ. ఉపవాసం ఉంటారా అని నేను అడగాల్సింది. పదండి, ఇప్పుడే డాక్టర్ గారి దగ్గరికి పోదాం."

"ప్రార్థన నడిమిట్ల లేచిపోతే సంఘం ఏమనుకుంటది? ఇంగ నా మాట ఎవరన్న వింటరా?"

అప్పుడే ఆనందరావు గారు తలుపు తోసుకుని వచ్చారు. లోపల గొంతు ఆగిపోయిన సంగతి మాకెవరికీ తెలియలేదు. మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి, "ఏమైంది, అయ్యగారూ?" అన్నారు. ఉపవాసం విషయంలో ఆయనంత పట్టింపు ఉన్న మనిషి ఆ సంఘంలో లేడని సువార్త గారు ఆటోలోనే చెప్పింది. ఎవరైనా చాటుగా టీ తాగితే నలుగురి ముందే అడిగేస్తారట.

ప్రభుదాస్ గారు గోడ వైపు చూస్తూ అన్నారు: "నాకు డిప్రెషన్, అన్నా. మందులు వాడుతున్న. ఉపవాసమని నెల దినాల సంది ఆపిన. బతకబుద్ధి అయితలేదు."

ఆనందరావు గారు వెనక తలుపు దగ్గరగా వేశారు. తర్వాత చొక్కా జేబులో చెయ్యి పెట్టి, సగం వాడిన మాత్రల షీటు ఒకటి తీసి చూపించారు.

"నాకు షుగరు, అయ్యగారూ. పన్నెండేండ్లాయె. ఉపవాసం దినాలల్ల తెల్లారంగనే రెండు చపాతీలు తిని, మాత్ర వేస్కొని, నోరు కడుక్కొని వచ్చి మీ ముందట కూసుంట." షీటు మళ్లీ జేబులో పెట్టుకున్నారు. "నేను తిని మీ దిక్కు చూస్కుంట కూసున్న. మీరు తినక సావుకు దగ్గరైన్రు. నా నోరు పడిపోను, ఒక్కనాడన్న చెప్పకపోతి."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆనందరావు గారే అయ్యగారి చెప్పులు తెచ్చి ముందు పెట్టి, "మీరు పోండ్రి. సంఘానికి నేను చెప్త," అన్నారు. మేం ఆటో ఎక్కుతుంటే లోపలి నుంచి మళ్లీ ఆయన గొంతు వినబడింది. ఈసారి అది ఖంగుమనలేదు.

డాక్టర్ గారు ఆ రోజు గంటన్నర ఆయనతో కూర్చున్నారు. మందు మళ్లీ మొదలైంది. గుణం కనబడేదాకా ఆయన్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పాం. పగలు ఆనందరావు గారు, మిగతా వేళల్లో బావమరిది, వంతులు వేసుకుని ఆయన పక్కనే ఉన్నారు. రోజు విడిచి రోజు క్లినిక్‌కు తీసుకొచ్చారు. ఆ ఏడు గుడ్ ఫ్రైడే ప్రసంగం వేరే పాస్టర్ చెప్పారు. ప్రభుదాస్ గారు భార్య పక్కన జంబుఖానా మీద కూర్చుని విన్నారట. రాజీనామా కాగితాన్ని ఆనందరావు గారు తీసుకుని ఎక్కడో పెట్టి మర్చిపోయారు, ఆయన చెప్పింది అదే.

మే నెలలో ఫాలో-అప్‌కు వచ్చినప్పుడు ఆయన చేతికి వాచీ ఉంది.

"అడిగి తెచ్చుకున్న, సిస్టర్. ఇచ్చింది మల్ల అడుగుడు సిగ్గే. అయినా అడిగిన."

"ప్రార్థన ఇంకా గోడకు చెప్పినట్టే ఉందా?"

"కొన్ని దినాలు గోడనే," అన్నారు. "కానీ ఒక్కన్నే గోడ ముందట ఉన్ననని అనుకుంటుంటి. ఇప్పుడు పక్కకు మనుషులున్నరు."

అప్పటి నుంచి మా హిస్టరీ కాగితంలో అడుగున ఒక ప్రశ్న నేను చేత్తో రాసిపెట్టుకున్నాను: ఉపవాసాలు ఉంటారా? రంజాన్ రోజాలుండే పెద్దమనిషిని అడుగుతాను, శనివారాలుండే అమ్మాయిని అడుగుతాను, కార్తీక సోమవారాలుండే అత్తగారిని అడుగుతాను. ఏ వేళకు తింటారో కనుక్కుని, మాత్ర ఆ వేళకు మార్చమని డాక్టర్ గారికి చెబుతాను. అందరికంటే ముందు నా వాళ్లను అడుగుతాను. తెలిసినవాళ్లే కదా అని అడక్కపోవడం వల్లే ఒక మనిషి చేజారిపోబోయాడు.

మరుసటి ఏడు శ్రమకాలంలో, మొదటి శుక్రవారం ఉపవాస ప్రార్థనకు సువార్త గారు నన్ను పిలిచింది. వెళ్లి ఆడవాళ్ల వైపు, వెనక కూర్చున్నాను. ప్రభుదాస్ గారు బైబిల్ తెరవకుండానే నిలబడి అన్నారు: "నేను పొద్దున టిఫిన్ తిని, నా మాత్ర వేస్కొని వచ్చిన. ఏం మాత్రనో మీకు తెలుసు. మందులు వాడేటోళ్లు తినకుండ వచ్చిన్రా ఎవరన్న?"

ఎవరూ కదలలేదు. ఆయన వాచీ చూసుకున్నారు.

"పది అయింది. ఇండ్లు దగ్గరనే గద. పోయి తిని, మాత్ర వేస్కొని రండ్రి. మీరొచ్చేదాంక మొదలువెట్టం."

నా ముందు వరుసలో ఒక ముసలావిడ మోకాళ్లు పట్టుకుంటూ లేచింది. మగవాళ్ల వైపు నుంచి ఇద్దరు లేచారు. గోడకు ఆనుకుని ఉన్న ఒక హాస్టల్ అమ్మాయి, అందరూ తనవైపే చూస్తున్నారేమో అన్నట్టు తల వంచుకుని చెప్పులేసుకుంది. ఆనందరావు గారు వాళ్లకు తలుపు తీసి పట్టుకున్నారు. అయ్యగారు కుర్చీలో కూర్చున్నారు, మేమంతా వాళ్లు తిరిగి వచ్చేదాకా ఆగాం.