డాక్టరమ్మ మూడో పరీక్ష

ఆమె ఐదో తరగతిలో ఉండగా ఎవరిదో మోకాలు చీరుకుపోతే తన రుమాలుతో కట్టు కట్టింది. ఆరోజు నుంచి ఇంట్లో ఆమెకి డాక్టరమ్మ అని పేరు పడింది. పిలుపు వీధంతా పాకింది. ఇప్పుడామెకి ఇరవై ఏళ్లు. మెడికల్ ఎంట్రన్స్ రెండుసార్లు రాసింది, రెండుసార్లూ సీటు రాలేదు. పేరు మాత్రం పోలేదు.

మూడోసారి చదువు మొదలెట్టాక ఇల్లు ఇల్లులా లేదు. టీవీ మీద దుప్పటి కప్పేశారు. నాన్న ఫోన్ మాట్లాడాలంటే మెట్లు దిగి వీధిలోకి వెళ్లేవాడు. అమ్మ మిక్సీని పక్కింటికి మోసుకెళ్లి తిప్పుకొచ్చేది. నానమ్మ దగ్గొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకునేది.

తలుపవతల ఆ అణిచిపెట్టిన దగ్గు విన్నప్పుడల్లా ఆమె చదువుతున్న చోటు తప్పిపోయేది. ఒకే పేరా నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కేది కాదు. అరచేతుల చెమటకి పేజీల అంచులు ఉబ్బిపోయాయి.

పరీక్ష వారం ఉందనగా ఇక ఉండబట్టలేక హాల్లోకొచ్చి, దుప్పటి లాగేసి టీవీ పెట్టింది.

"చూడండి. నాకేం ఇబ్బంది లేదు," అంది.

ముగ్గురూ వరసగా కూర్చున్నారు. తెరమీద ఎవరో నవ్వించడానికి నానా తంటాలు పడుతున్నారు. వీళ్లు మాత్రం ఆమె మొహమే చూస్తున్నారు.

"తలనొప్పిగా ఉందామ్మా?" నాన్న మెల్లగా అడిగాడు.

"లేదు నాన్నా."

"పోనీ కాసేపు పడుకోరాదూ?" అంది అమ్మ.

ఆమె టీవీ కట్టేసి గదిలోకి వెళ్లిపోయింది.

పరీక్షలో మొదటి ప్రశ్నకి జవాబు తెలుసు. అయినా పెన్ను కాగితం మీద పెట్టలేకపోయింది. పావుగంట కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెట్టుకుంది. తర్వాత రాయగలిగినంత రాసింది. గేటు బయట ముగ్గురూ నిలబడి ఉన్నారు. ఎలా రాశావని ఒక్కరూ అడగలేదు. అడిగినా బాగుండేదనిపించింది.

ఈసారీ సీటు రాలేదు.

"ఇంకొక్క ఏడాది చూద్దాం. ఇప్పుడేం మించిపోయింది?" అన్నాడు నాన్న.

మర్నాడు ఆమె ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు దరఖాస్తు నింపి, తండ్రి సంతకం చోటు ఖాళీగా వదిలి, భోజనాల బల్లమీద పెట్టింది. రెండురోజులు అందరూ దాని చుట్టూ కంచాలు సర్దుకుని తిన్నారు. ఎవరూ ముట్టుకోలేదు.

మూడోరోజు నానమ్మ ఆ కాగితాన్ని కొడుకు ముందుకి జరిపింది.

"పెట్టరా సంతకం. మూడేళ్లు మనకోసమే కూర్చుంది పిల్ల."

నాన్న కంచంలో చెయ్యి కడుక్కుని, చివరిదాకా చదివి సంతకం పెట్టాడు. "నీ ఇష్టం," అని కూతురికి చెప్పి లేచి వెళ్లిపోయాడు.

క్లాసులు మొదలయ్యేదాకా ఆయన ఆమెతో ముక్తసరిగానే మాట్లాడాడు. దరఖాస్తు మాత్రం ఆమె ఎవరినీ తోడు రమ్మనకుండా తనే వెళ్లి ఇచ్చొచ్చింది.