ముందు పదకొండు, వెనక పది

1978 చివర్లో నన్ను తిరుపతిలోని మా శాఖ వాహనాల వర్క్‌షాపుకు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. శాఖ పేరు చెప్పను. పెన్షన్ ఇప్పటికీ అక్కడి నుంచే వస్తున్నది. మా దగ్గర నడిచే స్థితిలో ఉన్న ఫోర్-వీల్ జీపు ఒక్కటే. మామూలు రోడ్డు మీద దాన్ని తోసేవి వెనక చక్రాలే. ఇసుకో బురదో ఎదురైతే, డ్రైవరు పక్కనున్న చిన్న లివరు వేస్తే ముందు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది. భాకరాపేట కనుమ దాటి అడవి అంచు పల్లెల్లో ఏ పని పడినా ఆ జీపే వెళ్ళాలి. నడిపేవాడు మునిరత్నం, చంద్రగిరి మనిషి. అప్పటిదాకా అతని సర్వీసులో ఒక్క మెమో లేదు. మా ఆఫీసులో ఆ మాట చెప్పుకోగలిగినవాళ్ళు తక్కువ. నేను వాళ్ళలో లేను.

మా ఆఫీసుకు పెద్ద ఎవరంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈ.ఈ. గారు. ఆయన క్యాంపుకు వెళ్తుండగా ఒకసారి దారిలో రాయి తగిలి వెనక ఇరుసు కడుపు పగిలింది, నూనె కారిపోయింది. మిగిలిన దారి ఆయన నడిచి వెళ్ళారు. మా శాఖలో అంత వేగంగా మంజూరైన వస్తువు నేను మరొకటి చూడలేదు: వారం తిరక్కుండా పెద్ద టైర్లు వచ్చాయి. పెద్ద టైర్లయితే ఇరుసు ఎత్తు పెరుగుతుంది, రాయి తగలదు. ఆలోచనలో తప్పేమీ లేదు. సగంలో ఆగిపోయింది, అంతే.

టైర్లు మార్చిన మర్నాడే మునిరత్నం వచ్చి నిలబడ్డాడు.

"బండికి కాళ్ళు పొడుగైనాయి సార్, ఊపిరి మాత్రం పాతదే. కనుమలో రెండో గేరుకు ఎక్కేది, ఇప్పుడు ఒకటో గేరు అడగతా ఉండాది."

అతను చెప్పింది నిజం. ఇరుసు మధ్యనున్న ఉబ్బులో రెండు పళ్ళ చక్రాలుంటాయి. చిన్నది పినియన్, పెద్దది క్రౌన్. మా జీపులో పినియనుకు ఎనిమిది పళ్ళు, క్రౌనుకు ముప్ఫై తొమ్మిది. అంటే పినియను ఇంచుమించు అయిదు సార్లు తిరిగితే బండి చక్రం ఒకసారి తిరుగుతుంది. పాత టైరు ఎత్తు ఇరవై ఎనిమిది అంగుళాలు; కొత్తది ముప్ఫై ఒకటిన్నర దాటింది. పెద్ద చక్రం ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది కాబట్టి ఆ భారమంతా ఇంజను మీద పడుతుంది. పోయిన బలం తిరిగి రావాలంటే టైరు ఎంత పెరిగిందో పళ్ళ నిష్పత్తినీ అంత పెంచాలి. లెక్క వేస్తే అయిదున్నర తేలింది. ఆ ఇరుసుకు బజారులో దొరికేవాటిలో దానికి దగ్గరిది ఎనిమిదికి నలభై మూడు. కావలసినదానికంటే రవ్వంత తక్కువే. కానీ అదే జీపు చిత్తూరు రోడ్డు మీదా పరుగెత్తాలి. మరీ పెంచితే అక్కడ ఇంజను అరుపు తప్ప వేగం ఉండదు. అందుకని దాన్నే ఎంచుకుని రెండు సెట్లకు ఇండెంటు రాశాను. వెనక ఇరుసుకొకటి, ముందు ఇరుసుకొకటి.

స్టోర్సు సూపరింటెండెంటు వరదాచారి గారు దాని మీద ఎర్ర సిరాతో రెండు కొట్టేసి ఒకటి వేశారు. మా నాయన వయసు మనిషి. స్వయంగా వెళ్ళి అడిగాను.

"ఎన్ని బండ్లప్పా నీకు?" అన్నారు.

ఒకటేనన్నాను.

"ఒక బండికి రెండెందుకు? తోసేది వెనక చక్రాలే గదా. ముందుదాని సంగతి వచ్చే ఏడు బడ్జెట్టులో చూస్తాంలే."

వెనకది మార్చి ముందుది పాతదే ఉంచితే ఏమవుతుందో వివరించాను. లివరు వేసినప్పుడు వెనక చక్రం పది చుట్లు తిరిగేలోపు ముందుది పదకొండు తిరగాలని చూస్తుంది. ఇసుకలోనైతే చక్రం జారి సర్దుకుంటుంది. గట్టి రాతి మీద జారడానికి వీల్లేదు. అప్పుడు రెండు ఇరుసులకూ బలం పంచే పళ్ళపెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేసు, విరగాలి. వరదాచారి గారు అంతా శ్రద్ధగా విన్నారు.

"ఒక్క చుట్టే గదప్పా తేడా" అన్నారు.

వచ్చిన ఒక్క సెట్టునూ వెనక బిగించమని ఈ.ఈ. గారి ఆర్డరు. బిగించాను. ముందు ఇరుసుకు బలం మోసే షాఫ్టును ఊడదీసి షెడ్డు గోడకు ఆనించి, రెండో సెట్టు వచ్చేదాకా దీన్ని తగిలించరాదని అట్టముక్క కట్టాను. ఈ.ఈ. గారికీ రాతపూర్వకంగా తెలిపాను. బండి కనుమను మళ్ళీ రెండో గేరులో ఎక్కింది. అందరం సంతోషించాం. నా కాగితం చదివినవాళ్ళు ఎవరూ లేరని తర్వాత తెలిసింది.

నేను పనిమీద చిత్తూరు వెళ్ళిన రోజు ఈ.ఈ. గారికి క్యాంపు పడింది. ముందురోజు వాన. గోడకు ఆనించిన షాఫ్టు చూసి, సర్కారు బండిని సగం విప్పి పెట్టిందెవరని అడిగి, వెంటనే బిగించమన్నారు. అక్కడ జరిగిన సంభాషణ మా ఫిట్టర్లు నాకు చాలా ఇష్టంగా వినిపించారు.

"మా ఏ.ఈ. సారు వద్దన్నారు సార్" అన్నాడట మునిరత్నం.

"ఏ.ఈ. పెద్దా, నేను పెద్దా?"

"మీరే పెద్ద సార్. గేరు పండ్లకు ఆ సంగతి తెలీదు గదా."

షాఫ్టు బిగించారు. కనుమ అవతల రాతివంక గట్టు ఎక్కేటప్పుడు లివరు వెయ్యమని ఈ.ఈ. గారే చెప్పారు. మునిరత్నం ఇంకోసారి వద్దన్నాడు, ఇంకోసారి చెప్పించుకున్నాడు, వేశాడు. గట్టు సగం ఎక్కకముందే పెట్టె విరిగింది. ఈ.ఈ. గారు మళ్ళీ నడిచారు. ఈసారి దూరం ఎక్కువ.

రెండో రోజుకల్లా మునిరత్నం సస్పెండయ్యాడు. బండిని నిర్లక్ష్యంగా నడిపి ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించాడని అభియోగం. రుజువైతే ఉద్యోగం పోతుంది. టైర్లు మార్పించినవారికీ ఇండెంటు కోసినవారికీ లివరు వేయించినవారికీ ఆ మెమోలో చోటు దొరకలేదు. మునిరత్నం నా దగ్గరికొచ్చి గొంతు పెంచకుండా అడిగాడు: "వద్దంటే ఎదురు సెప్పినాననిరి. సెప్పినట్టు సేస్తే ఇరగ్గొట్టినాననిరి. మూడో దోవ యాడుండాదో సూపించండి సార్, ఆడనే నిలబడతా."

చూపించడానికి నా దగ్గర సుద్దముక్క ఉంది.

విచారణకు చిత్తూరు నుంచి సూపరింటెండింగ్ ఇంజనీరు గారు వచ్చారు. ఆయన వంతెనలు కట్టిన మనిషి, బండ్ల లోపలి సంగతి తెలియదు. సాంకేతిక సాక్షిగా నన్ను పిలిచినప్పుడు, కాగితాలు తర్వాత చూడొచ్చు, ఒక్కసారి షెడ్డులోకి దయచేయమన్నాను. వేలానికి పెట్టిన పాత జీపులోంచి పళ్ళపెట్టె ఊడదీసి మా జీపుకు అప్పటికే బిగించి ఉంచాను. నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా దిమ్మెల మీదికి ఎత్తాను. కుడివైపు రెండింటినీ కదలకుండా కట్టేసి, ఎడమవైపు రెండింటి మీదా సుద్దగీత గీశాను. గేరు తీసేసి, ముందు చక్రాలకు బలమిచ్చే చిన్న లివరు వేసి, ఇద్దరు ఫిట్టర్లను వెనక చక్రం చేత్తో తిప్పమన్నాను. వెనక చుట్లు ఎస్.ఈ. గారు లెక్కపెట్టారు. ముందు చుట్లు లెక్కపెట్టమని వరదాచారి గారిని వేడుకున్నాను.

"పది" అని ఎస్.ఈ. గారు ఆపారు.

వరదాచారి గారు వంగి గీతను చూశారు. "పదకొండు" అన్నారు. మళ్ళీ తిప్పమన్నారు. మళ్ళీ పదకొండే. మూడోసారి పంచె ఎగగట్టి తానే తిప్పారు. ఆయన కూడా దాన్ని పదిలో ఆపలేకపోయారు. ఈ.ఈ. గారు మాత్రం, అనుభవమున్న డ్రైవరు నేల చూసి లివరు వెయ్యాల్సిందని అన్నారు. అదే నా కోపం.

సస్పెన్షన్ ఎత్తేశారు. ఆర్డరు చివర ఇకముందు జాగ్రత్తగా ఉండవలసినదిగా హెచ్చరించడమైనదని ఉంది. ఎందుకు హెచ్చరికని ఎస్.ఈ. గారినే అడిగాను. ఆయన మంచిమనిషి, దాచకుండా చెప్పారు: "చక్రాలు నిజమే చెప్పాయయ్యా. కానీ ఏమీ లేదని రాస్తే, సస్పెండు చేసినవాళ్ళు ఏమైపోవాలి?"

"ఫైలు మూసేదానికి నా పేరే దొరికిందా" అన్నాడు మునిరత్నం. సంతకం పెట్టి బండి తాళాలు తీసుకున్నాడు. రెండో సెట్టు పది రోజుల్లో వచ్చింది, వచ్చే ఏడు బడ్జెట్టు కోసం ఆగకుండానే. ఆ హెచ్చరిక రద్దు చేయమని నేను పలుమార్లు రాశాను. పరిశీలనలో ఉందని జవాబొచ్చేది. అది పరిశీలనలో ఉండగానే అతను రిటైరయ్యాడు. తర్వాత నేనూ అయ్యాను.

టైరు మారిస్తే ఇరుసు పళ్ళు మార్చాలి, ముందువీ వెనకవీ ఒకేసారి మార్చాలి. ఇది నాకు కాలేజీలోనే చెప్పారు. కొత్తగా నేర్చుకున్నది కాదు. ఉద్యోగం నేర్పింది వేరు. ఆ తర్వాత ఏ ఇండెంటులోనూ నేను రెండు సెట్లు అని రాయలేదు. ముందు, వెనక కలిపి ఒక జత అని రాశాను. ఒకటిని ఎర్ర సిరా ఏమీ చెయ్యలేకపోయింది. మునిరత్నం సర్వీసు పుస్తకంలోని ఒక్క వాక్యాన్ని కొట్టెయ్యడానికి మాత్రం అంత పెద్ద ఆఫీసులో ఆ సిరా చుక్క దొరకలేదు.